గర్వభంగం తరవాత: తెలుగు, మరాఠీ క్రైస్తవ రచనలపై ఒక పరిశీలన

గర్వభంగం మన సాహిత్యంలో చాలా పాత వస్తువు. ఇంద్రపదవి చేతికి రాగానే నహుషుడు మునులచేత పల్లకి మోయించుకొన్నాడు, అగస్త్యుణ్ణి కాలితో తన్నాడు, పామై నేలమీద పడ్డాడు. గరుడుడి గర్వం, అర్జునుడి గర్వం అణగిన కథలను హరికథలుగా, యక్షగానాలుగా విన్న తరాలు మన వెనక ఉన్నాయి. ఈ కథల్లో వినేవారి మనసును పట్టుకొనే ఘట్టం పడిపోవడమే. పడినవాడు తిరిగి లేవడం వీటిలో లేదని కాదు. నహుషుడికి ధర్మరాజువల్ల శాపవిమోచనం కలిగింది. అయితే ఆ విమోచనం శాపంతోపాటే నిర్ణయమైన గడువు. గడువు తీరగానే కథ ముగుస్తుంది. క్రైస్తవ రచనల్లో బరువు ఈ రెండో సగంమీద పడుతుంది. పడినవాణ్ణి ఎవరు లేపుతారు? లేచినవాడు ఎక్కడ నిలబడతాడు? పక్కన నిలబడి చూసినవాళ్ళ సంగతి ఏమిటి? గర్వాన్ని గురించి తెలుగు క్రైస్తవ రచన చెప్పిన మాటలను ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలోని కుండల్‌వాడి వంటి ఊళ్ళనుంచి వచ్చే విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని దీన్ని రాస్తున్నాము. 1948దాకా నిజాం ఏలుబడిలో, 1956నుంచి బొంబాయి రాష్ట్రంలో, 1960నుంచి మహారాష్ట్రలో ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు ఇంటి భాషగా, మరాఠీ బడి భాషగా కొనసాగుతున్నాయి. రెండు భాషల మధ్య పెరగడాన్ని ఈ విద్యార్థులు ఒక లోటుగా చెప్పుకోవడం మేము తరచు విన్నాము. ప్రస్తుత విషయంలో మాత్రం అది లోటు కాదు. ఒకే గ్రంథాన్ని రెండు భాషలు రెండు రకాలుగా చెప్పుకొన్నప్పుడు ఆ తేడా వీరికి చెవిలోనే వినబడుతుంది. ఒక్క భాష తెలిసినవారు నిఘంటువులు వెదికి పట్టుకోవలసిన విషయం ఇది.

ముందుగా మాటలను చూద్దాం. గర్వం అనే దోషానికి తెలుగు బైబిలు అనువాదకులు ప్రధానంగా గర్వము, అహంకారము అనే సంస్కృత పదాలను ఎన్నుకొన్నారు. అహంకారం సాంఖ్యంలో ఒక తత్త్వం పేరు. అక్కడ అది నింద కాదు. వాడుక తెలుగులో అది నిందగా మారింది. కాని తెలుగువారు రోజూ ఈ దోషాన్ని పిలిచే మాటలు వేరు: పొగరు, బలుపు, కొవ్వు, కండకావరం, టెక్కు, మిడిసిపాటు. వీటిలో చాలావాటికి మూలం శరీరమే. కండ పెరగడం, కొవ్వు పట్టడం, ఒళ్ళు బలియడం. ఇంకా గమనించవలసింది, వీటిని ఎవరు ఎవరిమీద వాడతారన్నది. గడీలోని దొర ఛాతీ విరిచి నడిస్తే దాని పేరు ఠీవి, దర్జా, హోదా. ఆయన జీతగాడు చెప్పులు తొడుక్కొని గడీ ముందునుంచి నడిచినప్పుడు దాని పేరు బలుపు. నడక ఒకటే, పేర్లు రెండు. పేరు పెట్టే అధికారం మాత్రం ఒక్కరిదే.

అనువాదకులు ఈ దేశి పదాలను పక్కన పెట్టి సంస్కృత పదాలను తీసుకోవడంవల్ల ఒక లాభం, ఒక నష్టం కలిగాయి. గర్వం అన్న మాటకు పైవాడు, కిందివాడు అన్న భేదం లేదు. అది మనసులోని స్థితి. రాజుకూ ఉండవచ్చు, కూలికీ ఉండవచ్చు. దేవుడి ముందు అందరూ సమానంగా దోషులన్న సిద్ధాంతానికి ఈ మాట చక్కగా ఒదిగింది. ఇది లాభం. నష్టమేమంటే, ఎవరి గర్వం గురించి మాట్లాడుతున్నామన్న ప్రశ్న ఆ మాటలోంచి జారిపోయింది. గర్వపడవద్దని ప్రసంగం విన్న దొర తన దర్జాను గుర్తుచేసుకోడు. జీతగాడు మాత్రం తనను నిన్న ఎవరో అన్న బలుపు అన్న మాటను గుర్తుచేసుకొంటాడు. ఒకే ప్రసంగం ఒకరికి తగలకుండా పోయి, ఇంకొకరికి రెండోసారి తగులుతుంది.

ఇక్కడ మరాఠీ తెలిసిన విద్యార్థి జాగ్రత్త పడవలసిన మాట ఒకటుంది: అభిమానం. మరాఠీలో అభిమాన్ అంటే ఒకరిని లేదా ఒకదాన్ని చూసి ఛాతీ ఉప్పొంగడం. కొడుకు పరీక్షలో గెలిస్తే తల్లికి కలిగేది అభిమాన్. తెలుగులో అభిమానం ప్రధానంగా ఆప్యాయత. అభిమానం గల మనిషి అన్నప్పుడు మాత్రం మానం కాపాడుకొనేవాడు అన్న అర్థం వస్తుంది. దురభిమానం, కులాభిమానం, ఆత్మాభిమానం అన్న సమాసాల్లో ఈ మాట ఒకచోట దోషం, మరొకచోట గుణం అవుతుంది. అంటే గర్వానికీ గౌరవానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో మన భాష ముందే తేల్చిపెట్టలేదు. సందర్భానికి వదిలింది. విమర్శకుడు కూడా దాన్ని సందర్భంలోనే వెదకాలి.

తెలుగు బైబిలులో ఈ గీతను స్పష్టంగా చూపే మాట అతిశయం. వాడుకలో అతిశయమంటే మించిపోవడం, ఎచ్చులు పోవడం. పౌలు ఉత్తరాల అనువాదంలో ఇదే మాట రెండు పనులు చేస్తుంది. తన జ్ఞానాన్ని, జన్మను, నియమనిష్ఠలను చూసుకొని మురిసిపోవడం అతిశయమే. ప్రభువునుబట్టి, సిలువనుబట్టి మురియడం కూడా అతిశయమే. మొదటిదాన్ని పౌలు మానమన్నాడు, రెండోదాన్ని చేయమన్నాడు. గ్రీకు మూలంలోనూ ఒకే క్రియ ఈ రెండు పనులూ చేస్తుంది కాబట్టి తెలుగు అనువాదకులు తీసుకొన్న నిర్ణయం సాహసమైనదీ సరైనదీ. దీన్నిబట్టి తేలేదేమిటి? పౌలు మనిషిలోని ఉప్పొంగే శక్తిని చంపమనలేదు, దాని ఆధారాన్ని మార్చమన్నాడు. తన గొప్ప అన్నది తనకు దక్కినదేగాని తాను సంపాదించింది కాదని తెలిసినవాడు ఇంకొకరిని తక్కువచేయలేడు.

వినయానికి తెలుగు క్రైస్తవులు స్థిరపరచుకొన్న మాట తగ్గింపు. హెచ్చించడం, తగ్గించడం అన్న దేశి జంటలోంచి ఇది వచ్చింది. బజారులో తగ్గింపు అంటే ధరలో కోత. దేవాలయంలో తగ్గింపు అంటే సద్గుణం. ఈ పోలిక నవ్వు తెప్పించవచ్చు కాని ఇందులో ఒక మెలిక ఉంది. ధర ఎక్కువ కట్టినదానికే తగ్గింపు ఇవ్వగలం. అసలే విలువ కట్టనిదాన్ని తగ్గించడమంటే పారవేయడమే. ఫిలిప్పీయులకు రాసిన ఉత్తరంలో క్రీస్తు తగ్గించుకొన్నాడన్న ప్రసిద్ధ ఘట్టం కూడా ఆయన ఎంత పైనుంచి దిగాడో ముందు చెప్పి, ఆ తరవాతే దిగడాన్ని చెబుతుంది. ఎత్తు ఉన్నవాడే దిగగలడు. శతాబ్దాలుగా నేలమీదే కూర్చోబెట్టినవాణ్ణి ఇంకా దిగమనడం ఆ ఉత్తరానికి వ్యాఖ్యానం కాజాలదు.

రెండో సగానికి, అంటే లేవడానికి సంబంధించిన మాటలకు వద్దాం. మరాఠీ బైబిలులో పశ్చాత్తాప్ అని ఉన్నచోట తెలుగులో మారుమనస్సు అని ఉంటుంది. రెండూ ఒకటేనా అని కుండల్‌వాడి వైపునుంచి వచ్చిన ఒక విద్యార్థిని తరగతిలో మమ్మల్ని అడిగింది. ఇంట్లో ప్రార్థన తెలుగులో, ఊళ్ళో స్నేహితుల ఆరాధన మరాఠీలో జరిగే పిల్ల అడగవలసిన ప్రశ్నే ఇది. రెండూ ఒకటి కావు. మూలంలోని మెటనోయా అన్న గ్రీకు మాటకు మనసు మారడమని అర్థం. తెలుగు మాట దాన్ని భాగం భాగంగా తెలిగించింది. పశ్చాత్తాపం అంటే తరవాత కలిగే తాపం. దాని చూపు వెనక్కి. మారుమనస్సు చూపు ముందుకు. యేసును అప్పగించిన యూదా విషయంలో తెలుగు అనువాదకులు మారుమనస్సు అనలేదు, పశ్చాత్తాపం అన్నారు. గ్రీకులోనూ అక్కడ వేరే మాట ఉంది. యూదా పశ్చాత్తాపపడి ప్రాణం తీసుకొన్నాడు. తాపం ఉంది, దారి లేదు. మరాఠీ మాటకు ఉన్న బలం అది మనసులోని నొప్పిని దాచకపోవడం. తెలుగు మాటకు ఉన్న బలం ఆ నొప్పిదగ్గరే ఆగిపోకపోవడం. రెండు మాటలూ తెలిసినవారు రెండింటినీ ఉంచుకోవడం మంచిది.

గర్వం, పతనం, పునరుద్ధరణ మూడూ ఒకే మనిషిలో కనిపించే కథ పేతురుది. మిగతావాళ్ళు విడిచిపోయినా తాను విడవనని అందరి ఎదుట పలికినవాడు పేతురు. ఆ మాటలో ప్రేమ ఉంది. మిగతావాళ్ళకంటే తాను మేలన్న లెక్క కూడా ఉంది. ఆ రాత్రే ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు జంకి, బంట్రౌతులతోపాటు చలి కాచుకొంటూ, తాను ఆయన మనిషిని కానన్నాడు. యోహాను సువార్త చివర గలిలయ సరస్సు ఒడ్డున యేసు అతణ్ణి మూడుసార్లు ఒకే ప్రశ్న అడిగి, మూడుసార్లూ పని అప్పగిస్తాడు. మూలంలో బొంకిన రాత్రి ఉన్న మంటకూ, ఒడ్డున చేపలు కాలుతున్న మంటకూ ఒకే మాట వాడారు: అంథ్రకియా, అంటే బొగ్గుల కుంపటి. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట ఈ రెండు చోట్లే వస్తుంది. తెలుగులో మొదటిచోట మంట, రెండోచోట నిప్పులు అయ్యాయి. అందువల్ల మన పాఠకుడికి ఒక సంబంధం తెగిపోయింది. ఏ మంట దగ్గర పడ్డాడో ఆ మంటలాంటి మంట దగ్గరే అతణ్ణి కూర్చోబెట్టి, ముందు తిండి పెట్టి, ఆ తరవాతే ప్రశ్న అడిగారని సువార్తకారుడు సూచిస్తున్నాడు. పునరుద్ధరణ అంటే జరిగినదాన్ని మరపించడం కాదని, జరిగిన చోటికే తోడుగా వెళ్ళడమని దీనివల్ల తెలుస్తుంది. మొదటి ప్రశ్నలో ఒక పోలిక కూడా ఉంది: మిగతావాళ్ళకంటే ఎక్కువగా ప్రేమిస్తున్నావా అన్నది. పేతురు జవాబులో ఆ పోలిక లేదు. అతని గర్వం పోయిందని చెప్పడానికి సువార్తకారుడు ఒక్క విశేషణం కూడా వాడలేదు. పోలిక రాకపోవడమే సాక్ష్యం.

ఇలాంటిదే ఇంకొకటి. తప్పులో చిక్కుకొన్నవాణ్ణి సాత్వికంగా సరిచేయమని గలతీయులకు పౌలు రాసినచోట వాడిన కటార్టిజో అన్న క్రియ, సువార్తల్లో జాలరులు వలలు బాగుచేసుకొనేచోట కూడా కనిపిస్తుంది. తెలుగులో వలకు బాగుచేయడం, మనిషికి దారికి తేవడం అని వేరువేరుగా చెప్పారు. తెలుగు నుడికారానికి రెండూ సహజమే. కాని వల పోలిక మనసులో ఉంచుకొంటే, చిరిగినవాణ్ణి పారవేయడంగాని కొత్తవాణ్ణి కొనడంగాని ఇక్కడి ఆలోచన కాదని అర్థమవుతుంది. తెగిన పోగులను పక్క పోగులతో ముడివేయడం ఇది. ఒంటరిగా ఏ పోగూ బాగుపడదు. ఇరవైమూడో కీర్తనలో మన అనువాదకులు ఎన్నుకొన్న సేదదీర్చడం అన్న మాట కూడా ఈ కోవలోనిదే. అది నీతిబోధ చేసే మాట కాదు. ఎండలో నడిచివచ్చినవాడికి నీడా నీళ్ళూ ఇచ్చే మాట.

ఇప్పుడు రచనలను చూద్దాం. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యులలో ప్రముఖులైన పురుషోత్తమ చౌధరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవులైనవారు. పాశ్చాత్య బాణీల అనువాదాలతో తృప్తిపడక రాగతాళాలతో కూడిన కీర్తన పద్ధతిని ఆయన ఆరాధనలోకి తెచ్చారు. భక్తుడు తన్ను తాను నిందించుకొనే పద్ధతి అన్నమాచార్యుల ఆధ్యాత్మ సంకీర్తనల్లోనూ శతకాల్లోనూ స్థిరపడిందే. కాబట్టి పాపినని చెప్పుకొనే నేను అనే స్వరం తెలుగు చెవికి పరాయిది కాలేదు. కీర్తనలోని నేను పాడేవారందరి సొత్తు. చదువుకొన్నవాడూ చదువురానివాడూ పక్కపక్కన నిలబడి ఒకే మాట అంటారు. మంటపం దాటి లోపలికి అడుగు పెట్టనివ్వని సమాజంలో ఈ సమానత చిన్న విషయం కాదు. అయితే అదే కారణంవల్ల కీర్తనలోని పాపం ఎవరిదో ఒకరి ప్రత్యేకమైన పాపంగా ఉండదు. అందరూ ఒప్పుకొనేదాన్ని ఒప్పుకోవడంలో ఎవరికీ నష్టం లేదు.

ఈ లోటును తీర్చవలసిన ప్రక్రియ సాక్ష్యం. ఒకప్పుడు ఎలా ఉన్నానో, ఎలా మారానో సభలో చెప్పడం తెలుగు సంఘాల్లో బలమైన సంప్రదాయం. మౌఖిక గద్య ప్రక్రియగా దీనిపై జరగవలసిన పరిశోధన చాలా ఉంది. కాని విమర్శకుడిగా ఒక ప్రమాదాన్ని చెప్పాలి. సాక్ష్యం పదేపదే చెప్పగా చెప్పగా దాని మొదటి సగం పెరుగుతూ పోతుంది. తాగుడు ఎక్కువవుతుంది, కోపం ఎక్కువవుతుంది, పడిన గోతి లోతెక్కుతుంది. చివరికి పతనమే ఒక ఘనకార్యంగా తయారవుతుంది. సువార్తలోని పరిసయ్యుడు తన ఉపవాసాలను లెక్కపెట్టి చెప్పాడు, సుంకరిని చూపించి తాను అలాంటివాణ్ణి కానన్నాడు. ఇప్పటి వక్త తన పాపాలను లెక్కపెట్టి చెబితే, లెక్క మారింది గాని లెక్కపెట్టే అలవాటు మారలేదు. దీనుడను, ధూళివంటివాడను అన్న స్థిరవాక్యాలు ఎంత నిజంగా మొదలైనా, బిరుదుల్లా వాడుకలో అరిగిపోగలవు.

ఇందుకు భిన్నమైన రచన మరాఠీలో ఉంది. కుండల్‌వాడి విద్యార్థులకు అది మూలంలోనే అందుబాటులో ఉండడం అదృష్టం. మరాఠీ క్రైస్తవ సాహిత్యం 1616లో గోవాలో అచ్చయిన థామస్ స్టీఫెన్స్ క్రిస్తపురాణంనుంచి మొదలుపెట్టి సుదీర్ఘమైనది. ఆ పరంపరలో నారాయణ్ వామన్ తిలక్ (1861-1919) చిత్పావన బ్రాహ్మణుడు, కవి. 1895లో బొంబాయిలో బాప్తిస్మం తీసుకొన్నారు. ఆయన భార్య లక్ష్మీబాయి తిలక్ (1868-1936) ఆత్మకథ స్మృతిచిత్రే 1934నుంచి భాగాలుగా వెలువడింది. మరాఠీ గద్యంలో దాని స్థానం క్రైస్తవ వర్గానికి పరిమితమైనది కాదు. మరాఠీ ఆత్మకథల్లో మొదటి వరసలో దాన్ని నిలుపుతారు.

భర్త క్రైస్తవుడైనప్పుడు లక్ష్మీబాయి ఆయన వెంట వెళ్ళలేదు. కొన్నేళ్ళు విడిగా, బంధువుల మధ్య గడిపారు. తిరిగి కలిసినప్పుడు కూడా తన మడి తనదేనని, వంట వేరని పట్టుపట్టారు. మరాఠీలో సోవళే అనేది మన మడికి సరిసమానమైన మాట. అతిగా మడి పాటించిన తండ్రి ఇంట పెరిగిన ఆమెకు మడి అంటే అహంకారం అని ఎన్నడూ తోచలేదు. అది శుభ్రత, అది భక్తి. గర్వంలో ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన రకం, ఎందుకంటే దీన్ని మోసేవారికి ఇది బరువుగా తెలియదు, కర్తవ్యంగా తెలుస్తుంది. ఆమె దాన్ని వదులుకొన్న తీరు గమనించదగింది. ఏ ప్రసంగమూ ఆమెను మార్చలేదు. కులభేదాలు దేవుడు చేసినవా, మనుషులు చేసినవా అని తనకు తానే ప్రశ్న వేసుకొని, మనుషులు చేసినవేనన్న నిశ్చయానికి వచ్చి, ఇక ఎవరిచేతి తిండి అయినా తింటానని తేల్చుకొన్నారు. బాప్తిస్మం ఆ తరవాతి మాట. అంటే గర్వం తొలగడం మతం మారడంవల్ల వచ్చిన ఫలితంగా కాక, మతం మారడానికి తలుపుగా ఈ గ్రంథంలో కనిపిస్తుంది.

శైలి విషయంలో ఈ గ్రంథం సాక్ష్య ప్రక్రియకు మంచి మందు. లక్ష్మీబాయి తన మూర్ఖత్వాన్ని చూసి తానే నవ్వుతారు. భర్త తొందరపాటును, చేతికి ఎముక లేని దానాలను కూడా దాచకుండా నవ్వుతారు. పతనాన్ని పెద్దది చేయరు. పాత తనను రాక్షసిగా, కొత్త తనను సాధ్విగా చిత్రించరు. ఇద్దరూ ఒకరేనని పాఠకుడికి తెలుస్తూనే ఉంటుంది. తిలక్ అసంపూర్తిగా వదిలిన క్రిస్తాయన్ కావ్యాన్ని పూర్తిచేసింది కూడా బడి చదువులేని ఆమే. విడిపోయిన దాంపత్యం తిరిగి అతుక్కోవడమే కాక, ఆగిపోయిన భర్త రచన భార్య చేతిలో సాగడం పునరుద్ధరణకు మంచి ఉదాహరణ. తెలుగు క్రైస్తవ గద్యంలో ఇంత విస్తారమైన పాఠకలోకాన్ని పొందిన స్త్రీ ఆత్మకథ మా దృష్టికి రాలేదు. ఆ లోటును తీర్చే సామగ్రి మన సంఘాల్లో, మన అమ్మమ్మల నోళ్ళలో ఉన్నదనే మా నమ్మకం.

లూకా సువార్తలోని ప్రసిద్ధమైన ఉపమానానికి మరాఠీలో ఉధళ్యా పుత్ర, అంటే దుబారా కొడుకు అని పేరు. తెలుగులో తప్పిపోయిన కుమారుడు. మరాఠీ పేరు డబ్బును చూసింది, తెలుగు పేరు దారిని చూసింది. రెండు పేర్లూ చిన్నకొడుకువే. ఉపమానంలో ఇంకొక కొడుకున్నాడు. పొలంనుంచి వచ్చి, పాటలు విని, లోపలికి రానని గుమ్మం బయటే నిలబడినవాడు. ఏనాడూ ఇల్లు దాటనివాడు, లెక్క తప్పనివాడు. తండ్రి చిన్నవాడికోసం ఎదురు వెళ్ళినట్టే పెద్దవాడికోసమూ బయటికి వస్తాడు. పెద్దవాడు లోపలికి వెళ్ళాడో లేదో కథ చెప్పదు. పతనమైనవాడి పునరుద్ధరణ పూర్తయింది; పతనం కానివాడి పునరుద్ధరణ మిగిలిపోయింది. లక్ష్మీబాయి కథ ఈ పెద్దకొడుకు కథ. ఆమె లోపలికి వెళ్ళారు.

ఇక జాషువా. 1895లో వినుకొండలో పుట్టి 1971లో మరణించిన గుర్రం జాషువాను చర్చించకుండా తెలుగులో ఈ వస్తువును తేల్చలేము. గబ్బిలం (1941)లో ఒక అస్పృశ్యుడు కాశీలోని శివుడికి గబ్బిలంచేత సందేశం పంపుతాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపింది విరహంతో. ఇతడు పంపింది ఫిర్యాదుతో. ఈ స్వరం గర్వమా? దేవుడి చెవికి తన మాట చేరవలసిందేనన్న పట్టుదలను కొందరు పొగరు అనవచ్చు. పైన చెప్పిన దేశి పదాల పట్టికను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఫిర్యాదు చేసేవాడు వినేవాడిని నమ్మాడు. న్యాయం ఉందని నమ్మాడు. గర్వితుడు ఎవరికీ సందేశం పంపడు, అతనికి ఎవరితోనూ పని లేదు. కాబట్టి గబ్బిలంలోని ఎత్తిన తల గర్వానికి వ్యతిరేకమైనదని మా అభిప్రాయం.

జాషువా రెండు గుమ్మాల మధ్య నిలబడ్డ కవి. సవర్ణ సమాజం ఆయన పుట్టుకను చూసింది. క్రైస్తవుల్లో కొందరు ఆయన పురాణ వస్తువుల్ని చేపట్టడాన్ని ఆక్షేపించారు. పుట్టుక గర్వం ఒకవైపు, విశ్వాస గర్వం మరొకవైపు. ఆయన రెండింటికీ లొంగలేదు. క్రీస్తు చరిత్రను కూడా ఆ పద్యసంప్రదాయంలోనే రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన జీవితంలో మా విషయానికి అన్నిటికంటే దగ్గరైన ఘట్టం గండపెండేర సత్కారం. గండపెండేరం కవి కాలికి తొడిగే అలంకారం. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి దాన్ని స్వయంగా జాషువా కాలికి తొడిగారు. సంస్కృతంలోనూ తెలుగులోనూ తమను మించిన కవులుంటే గెలవమని సవాలుగా మీసాలు పెంచిన జంటలో ఒకరు, వృద్ధ బ్రాహ్మణ పండితుడు, అస్పృశ్యుడని దూరం పెట్టిన కవి పాదం ముట్టుకొన్నారు. ఇక్కడ దిగినవారు ఒకరు, లేచినవారు ఒకరు. ఒక్క చర్యతోనే రెండూ జరిగాయి. మరియమ్మ పాటగా పేరుపొందిన లూకా ఘట్టంలో బలవంతులు సింహాసనాలనుంచి దిగడం, దీనులు పైకి లేవడం జంటగానే వస్తాయి. వాటిని విడదీసి దిగడాన్ని మాత్రమే అందరికీ బోధిస్తే ఆ పాట సగమే పాడినట్టు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. గర్వం పైవర్గాల సొత్తు అంటే, అది మనసు దోషమన్న క్రైస్తవ బోధ నీరుగారదా? బాధపడినవాడిలో మాత్రం గర్వం పుట్టదా? పుడుతుంది. గాయాన్నే గొప్పగా చేసుకోవడం సాధ్యమే. నిన్న తొక్కబడినవాడు ఇవాళ తనకంటే కిందివాణ్ణి తొక్కడం మనం చూస్తూనే ఉన్నాము. పెళ్ళి సంబంధం వచ్చేసరికి కులం అడిగే క్రైస్తవ కుటుంబాలు అన్ని మెట్లమీదా ఉన్నాయి. మేము చెప్పేది వరసను గురించి. తల ఎత్తనిచ్చిన తరవాతే తల వంచమని అడగవచ్చు. పునరుద్ధరణ అన్న సంస్కృత సమాసంలో మళ్ళీ అన్న అర్థం ఉంది; ఒకప్పుడున్న చోటికి తిరిగి చేర్చడం. ఏ చోటూ ఇవ్వనివాడికి ఏ చోటికి తిరిగి చేరుస్తాము? క్రైస్తవ బోధ చెప్పే జవాబు సృష్టి. మనిషి దేవుడి పోలికలో పుట్టాడన్న ఆదికాండపు మాట. ఆ లెక్కన దొరా జీతగాడూ తిరిగి చేరవలసిన చోటు ఒకటే. ఒకరు దిగి చేరాలి, ఒకరు ఎక్కి చేరాలి.

ఈ మాట గాలిలో మేడ కాదు. కుండల్‌వాడికి సరిహద్దు అవతల, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠురోగులకోసం ఆసుపత్రి తెరిచారు. అందుకు విరివిగా విరాళమిచ్చిన రాజా నర్సాగౌడ్ క్రైస్తవుడు కాదు. ఊరి పొలిమేర దాటించినవారికి అక్కడ మందు దొరికింది, పడక దొరికింది, పేరుతో పిలిచే మనుషులు దొరికారు. అలాంటివారికి తగ్గింపు గురించి ప్రసంగం అవసరం లేకపోయింది. తాకడానికి వెనకాడే మన చేతులకే అది అవసరమైంది.

చివరిగా విద్యార్థులకు ఒక పని, ఒక హెచ్చరిక. పని ఏమంటే, మీ ఊళ్ళో గర్వానికి వాడే తెలుగు, మరాఠీ, ఉర్దూ మాటలను సేకరించండి. ప్రతి మాట పక్కన మూడు గడులు గీయండి: ఎవరు అన్నారు, ఎవరిని అన్నారు, ఏం చేసినందుకు అన్నారు. సంఘంలో ప్రార్థన చేసే పెద్దలను అనుమతి అడిగి మారుమనస్సు, పశ్చాత్తాప్ మాటల వాడుకను రాసుకోండి. మంచి పరిశోధన పత్రానికి ఈ సామగ్రి చాలు. హెచ్చరిక ఏమంటే, ప్రవాసంలో ఉన్న భాషకు కూడా గర్వం సోకుతుంది. మన తెలుగు అచ్చమైనదని కోస్తావారు, మన తెలుగు చెడిపోయిందని సరిహద్దువారు అనుకోవడం ఒకే దోషానికి రెండు ముఖాలు. బడిలో నేర్చిన మరాఠీ మీ తెలుగును తగ్గించలేదు. లక్ష్మీబాయిని ఆమె భాషలో, జాషువాను ఆయన భాషలో చదవగలిగినవారు తక్కువమంది. ఆ కొద్దిమందిలో మీరున్నారు. దాన్నిబట్టి అతిశయించండి, కాని ఆ మాటకు ఉన్న రెండో అర్థంలో.